పన్ను అరగదీసే ముందు బ్రిడ్జికి లెక్క కట్టడం ఎలా

పన్ను పోయిన చోట బ్రిడ్జి కట్టడమంటే, అంటే పక్క పళ్ళను చెక్కి క్యాపులు వేసి వాటి నడుమ కట్టుడు పన్ను నిలపడమంటే, రెండు గోడల మీద దూలం వేయడం లాంటిది. దూలం పొడవెంత, లావెంత, కింద గోడలు ఎంత గట్టివి, బరువు ఎక్కడ పడుతుంది? పెంకుటిల్లు కట్టే వడ్రంగి వేసుకునే ప్రశ్నలే మనమూ వేసుకోవాలి. ఒక్క తేడా ఉంది. మన గోడలు బతికున్న పళ్ళు. వాటి మీది ఎనామిల్ ఒకసారి అరగదీశామంటే ఇక తిరిగి రాదు. అందుకే నా దగ్గర పోస్టింగుకు వచ్చే హౌస్ సర్జన్లకు మొదటి రోజే చెబుతాను: బర్ (పన్ను చెక్కే డ్రిల్లు ముల్లు) పట్టుకునే ముందు పెన్సిలు పట్టుకోండి.

ఇది వాళ్ళ కోసమూ, కొత్తగా క్లినిక్ పెట్టుకున్నవాళ్ళ కోసమూ రాస్తున్నాను. ఒకే కేసు పట్టుకుని వెళ్దాం. కింది ఎడమ వైపు మొదటి దవడ పన్ను, అంటే 36, లేదు. అది ఆరేళ్ళ వయసుకే నోట్లోకి వస్తుంది. ఇంట్లోవాళ్ళు పాలపన్ను అనుకుని పట్టించుకోరు. చివరికి పుచ్చి, పీకించుకునే దాకా వస్తుంది. ఇప్పుడు దాని ముందు 35, వెనక 37 ఉన్నాయి.

1. ముందు నోరంతా చూడండి

ఖాళీ వైపు వెళ్ళకముందు ఎదురుగా పైన ఏముందో చూడండి. పైన సొంత పళ్ళుంటే బ్రిడ్జి మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ. పాత కొలతల ప్రకారం సొంత పళ్ళతో కొరికే బలం సగటున 68 కిలోలైతే, ఎదురుగా ఫిక్స్‌డ్ బ్రిడ్జి ఉంటే 25, తీసి పెట్టుకునే పార్షియల్ సెట్టు ఉంటే 12 కిలోల దగ్గరే ఆగుతుంది. అదే దూలం, అవే గోడలు, పైన పడే బరువు మాత్రం అయిదు రెట్లు మారిపోతోంది.

పేషెంటును అడగండి. ఎటువైపు నములుతారు? వక్క నమిలే అలవాటుందా? బొక్కలు కొరుకుతారా? నిద్రలో పళ్ళు కొరుకుతున్నారని ఇంట్లో ఎవరైనా అన్నారా? పన్ను పీకించుకుని ఎన్నేళ్ళయింది? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. ఏళ్ళ తరబడి ఖాళీగా వదిలేస్తే పైనున్న 26 కిందికి దిగుతుంది, వెనకున్న 37 ముందుకు ఒరుగుతుంది. పైపన్ను దిగిన ప్రతి మిల్లీమీటరూ మన దూలం ఎత్తులోంచి పోయినట్టే. అలాంటప్పుడు ముందు పైపన్ను సంగతి తేల్చుకోవాలి. కొద్దిగా దిగితే అరగదీసి సరిచేయవచ్చు, బాగా దిగితే క్యాపు వేయాలి.

35, 37 రెండూ పుచ్చు లేకుండా, ఫిల్లింగ్ లేకుండా నిగనిగలాడుతుంటే, బ్రిడ్జి ఆలోచన పక్కన పెట్టి ఎముకలో స్క్రూ దించి పన్ను నిలిపే ఇంప్లాంట్ గురించి మాట్లాడండి. బాగున్న రెండు పళ్ళను చెక్కి ఒక పన్ను పెట్టడం నాకెప్పుడూ మనసొప్పదు. ఆ రెండిటికీ ఎలాగూ క్యాపులు అవసరమైతే మాత్రం బ్రిడ్జి మంచి వైద్యమే.

2. గోడల బలం కొలవండి

ఎక్స్‌రే తీసి, ఎముక బయట ఉన్న పన్ను పొడవెంత, ఎముకలో ఉన్న వేరు పొడవెంత చూడండి. బయట రెండు వంతులు, లోపల మూడు వంతులు ఉంటే హాయి. రెండూ సమానంగా ఉంటే అదే ఆఖరి గీత, అంతకన్నా తగ్గితే ఆ పన్ను మీద బరువు పెట్టకండి. వేరు ఆకారమూ చూడాలి. గుండ్రటి వేరు కన్నా బుగ్గ నుంచి నాలుక వైపుకు వెడల్పుగా ఉన్న వేరు మేలు. అతుక్కుపోయిన వేళ్ళ కన్నా విడివిడిగా పాతుకున్న వేళ్ళు మేలు.

రూట్ కెనాల్ అయిన పన్నయితే చిగురు పైన చుట్టూ కనీసం 1.5 నుంచి 2 మి.మీ. సొంత పన్ను మిగలాలి. క్యాపు ఆ గోడను పీపా చుట్టూ బిగించిన ఇనుప కట్టులా పట్టుకుంటుంది. ఆ కొంచెం పన్ను లేకపోతే వేరు లోపల ఎంత మంచి పోస్టు (ఊతకడ్డీ) వేసినా లాభం లేదు.

ఇక లెక్క. ఇర్విన్ ఆంటే అనే దంతవైద్యుడు 1926లో చెప్పిన సూత్రం ఇది: ఆసరా పళ్ళ వేళ్ళకు ఎముకలో ఉన్న పట్టు వైశాల్యం, పోయిన పళ్ళకు ఉన్న వైశాల్యానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. కింది దవడలో సగటు అంకెలు గుర్తు పెట్టుకోండి. కోరపన్ను 268 చదరపు మి.మీ., దాని వెనకున్న మొదటి ప్రీమోలార్ (చిన్న దవడ పన్ను) 180, రెండోది 207, మొదటి దవడ పన్ను 431, రెండోది 426.

మన కేసులో 35, 37 కలిపితే 207 + 426 = 633. పోయింది 431. బోలెడు మిగులు ఉంది.

ఇప్పుడు 35 కూడా లేదనుకోండి. ఆసరా 34 (మొదటి ప్రీమోలార్), 37. అంటే 180 + 426 = 606. పోయినవి 207 + 431 = 638. కొంచెం తక్కువ పడింది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల్లో సరిగ్గా ఇలాంటి కేసుకే, పెద్ద తేడా లేదులే అనుకుని నాలుగు పళ్ళ బ్రిడ్జి కట్టాను. ఆ పెద్దాయన మూడేళ్ళ తర్వాత వచ్చారు. "నొప్పేమీ లేదు డాక్టరుగారూ, కాస్త వాసన వస్తోంది" అన్నారు. బ్రిడ్జి విరగలేదు, వంగినట్టూ లేదు. 37 మీది క్యాపు గట్టిగానే ఉంది. 34 మీది క్యాపులో సిమెంటు ఎప్పుడో వదిలేసింది. బ్రిడ్జి కోసి తీస్తే లోపల పన్ను పుచ్చి, తడిసిన సుద్దముక్కలా చెంచా ఎక్స్‌కవేటర్‌కు ఊడి వచ్చింది. ఆ పన్నును కాపాడలేకపోయాను.

ఆంటే సూత్రం తిరుగులేని శాసనమేమీ కాదు. ఎముక తగ్గినా చిగుళ్ళు ఆరోగ్యంగా ఉంటే బ్రిడ్జిలు నిలబడతాయని స్వీడన్‌లో నైమన్, ఎరిక్సన్ అనే పరిశోధకులు 1982లో చూపించారు. ఆ పెద్దాయన కేసులోనూ వేళ్ళు ఓడిపోలేదు. దూలం ఊగింది, ఆ ఊపుకు చిన్న క్యాపు పట్టు వదిలేసింది. అందుకే వేళ్ళ లెక్క దగ్గర ఆగిపోకూడదు.

3. దూలం లెక్క

ఇక్కడ నిదానంగా చదవండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడుతుంది.

రెండు చివర్లా ఆనించిన దూలం మధ్యలో బరువు పెడితే అది ఎంత వంగుతుందన్నది పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. ఒక పన్ను ఖాళీలో వంగేది ఒక వంతు అనుకుంటే, రెండు పళ్ళ ఖాళీలో ఎనిమిది వంతులు, మూడు పళ్ళ ఖాళీలో ఇరవై ఏడు వంతులు. ఒక పన్ను పెరిగిందంతే కదా అనిపిస్తుంది కానీ, వంపు ఎనిమిది రెట్లు పెరుగుతుంది.

ఎత్తు దగ్గర ఇదే లెక్క తిరగబడుతుంది. ఎత్తు సగమైతే ఎనిమిది రెట్లు వంగుతుంది. పంటకాలువ మీద చెక్క పలకను వెడల్పుగా పరిచి నడిస్తే కిందికి పైకి ఊగుతుంది. అదే పలకను అంచు మీద నిలబెడితే కదలదు. చెక్క అదే, నిలిపిన తీరు వేరు.

దీన్ని కనెక్టర్‌కు, అంటే పాంటిక్‌నూ (ఖాళీలో నిలిచే కట్టుడు పన్ను) క్యాపునూ కలిపే మెడకు, వర్తింపజేయండి. 9 చదరపు మి.మీ. కనెక్టర్‌ను రెండు రకాలుగా చేయవచ్చు. ఎత్తు 3, వెడల్పు 3 ఒక రకం. ఎత్తు 4, వెడల్పు 2.25 ఇంకో రకం. వెడల్పును ఎత్తు ఘనంతో గుణించండి. మొదటిదానికి 81 వస్తుంది, రెండోదానికి 144. వాడిన మెటీరియల్ అంతే, వంగకుండా నిలబడే గుణం మాత్రం ముప్పావు వంతు పైనే పెరిగింది. విరగకుండా తట్టుకునే బలమూ మూడో వంతు పెరుగుతుంది. అందుకే ల్యాబుకు "కనెక్టర్ 9 ఉండాలి" అని మాత్రమే రాస్తే చాలదు, ఎత్తెంతో కూడా రాయాలి.

ఆ ఎత్తు నోట్లో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పీరియడాంటల్ ప్రోబ్ (మి.మీ. గీతలున్న సన్నటి కొలకడ్డీ) తీసుకుని, 35 వెనక అంచు నుంచి కింద చిగురు కొస దాకా కొలవండి. 37 ముందు వైపూ అలాగే. వచ్చిన అంకెలోంచి, చిన్న బ్రష్ దూరడానికి కింద కావలసిన సందును తీసేయండి. మిగిలిందే మీ కనెక్టర్ ఎత్తు. రెండు నిమిషాల పని ఇది. ఎక్కువమంది చేయనిదీ ఇదే.

ఇప్పుడు విరగడం ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. ఇంటికి స్లాబు పోసేటప్పుడు మేస్త్రీ ఇనుప కడ్డీలను అడుగు వైపు వేయిస్తాడు. బరువు పైన పడితే స్లాబు అడుగు సాగుతుంది, కాంక్రీటు సాగుడుకు తట్టుకోలేదు కాబట్టి అక్కడ ఇనుము పెట్టాలి. పింగాణీ, జిర్కోనియా (తెల్లటి గట్టి సిరామిక్) కూడా కాంక్రీటులాగే నొక్కుడుకు గట్టివి, సాగుడుకు అంత కావు. నమిలినప్పుడు కనెక్టర్ అడుగు, అంటే చిగురు వైపు అంచు, సాగుతుంది. అక్కడ 'వి' ఆకారంలో పదునైన గాటు ఉంటే పగులు అక్కడే పుడుతుంది. ఆ మూల గిన్నె అడుగులా గుండ్రంగా తిరగాలి. పళ్ళు విడివిడిగా అందంగా కనిపించాలని ల్యాబులో డైమండ్ డిస్కు పెట్టి ఆ సందును లోతుగా కోస్తే, బ్రిడ్జి విరగాల్సిన చోటును మనమే గీసి ఇచ్చినట్టు. కోత కావాలంటే బుగ్గ వైపు నుంచి కొద్దిగా చేయమనండి, అడుగున వద్దు.

4. మెటీరియల్

కనెక్టర్ కొలత తేలాకే మెటీరియల్. పేషెంటు "జిర్కోనియానే వేయండి" అని ముందే అడిగినా సరే, క్రమం మార్చకండి. కనీస కొలతలు కంపెనీని బట్టి కొంచెం మారతాయి గానీ, వెనక పళ్ళలో జిర్కోనియాకు ఒక పాంటిక్ ఉంటే 9 చదరపు మి.మీ., రెండుంటే 12 అని పెట్టుకోండి. లిథియం డైసిలికేట్ అనే గాజు సిరామిక్‌కు 16 కావాలి, అదీ రెండో ప్రీమోలార్ దాకానే. కాబట్టి మన 36 కేసుకు అది పనికిరాదు.

ఎత్తు చాలకపోతే లోహం మీద పింగాణీ పూసిన మెటల్ సిరామిక్ వైపు వెళ్ళండి. లోహం పగలదు. నికెల్ క్రోమియంకు బంగారు మిశ్రమాల కన్నా వంగకుండా నిలిచే గుణం దాదాపు రెట్టింపు, పొడవైన ఖాళీలకు అది కలిసొస్తుంది. నికెల్ పడనివాళ్ళకు కోబాల్ట్ క్రోమియం వాడండి. అయితే లోహం వంగినా మీదున్న పింగాణీ వంగదు, పెచ్చులూడుతుంది. అందుకే లోపలి లోహం చట్రం పన్ను ఆకారంలోనే ఉండి, పింగాణీకి అంతటా ఒకే మందం, 2 మి.మీ. దాటకుండా మిగలాలి.

5. కేసు తిన్నగా లేనప్పుడు

ఒరిగిన 37: ఒరుగుడు 25 డిగ్రీల లోపు ఉంటే ప్రిపరేషన్‌లోనే, అంటే క్యాపు కోసం పన్ను చెక్కేటప్పుడే, సర్దుకోవచ్చు. అంతకు మించితే ఆర్థోతో (పళ్ళను జరిపే క్లిప్పుల వైద్యం) నిలబెట్టించండి. సుమారు మూడు నెలలు పడుతుందని చెబితే పేషెంటు ముఖం మాడ్చుకుంటారు. ఒరిగిన గోడ మీద దూలం పెడితే ఏమవుతుందో స్టడీ మోడల్ (నోటి అచ్చు) మీద చూపించండి, ఒప్పుకుంటారు. జ్ఞానదంతం కూడా వెంట ఒరిగి ఉంటే బ్రిడ్జి దిగే దారికి అడ్డం వస్తుంది, ముందే చూసుకోండి.

మధ్యలో ఒంటరి పన్ను: 34, 36 లేవు, 35 ఒక్కటే నడుమ నిలబడింది. కోరపన్ను 33 నుంచి 37 దాకా ఒకే బిగుతు బ్రిడ్జి వేస్తే 35 త్రాసు నడిమి ఇరుసులా పనిచేస్తుంది. 37 మీద నొక్కితే 33 క్యాపు పైకి లేవబోతుంది. వేలాది సార్లు అలా లేచీ లేచీ సిమెంటు వదులుతుంది. 35 క్యాపు వెనక వైపు గాడి పెట్టించి, 36 పాంటిక్‌కు ఆ గాడిలో దిగే నాలుక పెట్టించండి. గాడి వెనక వైపే ఎందుకంటే, నమిలే ఒత్తిడికి వెనక పళ్ళు ముందుకే ఒరుగుతాయి కాబట్టి నాలుక గాడిలో ఇంకా కూర్చుంటుంది. ముందు వైపు పెడితే ఊడుతుంది.

పై కోరపన్ను పోతే: ఆంటే లెక్క ఇక్కడ మోసం చేస్తుంది. పై లేటరల్ (కోర ముందున్న పన్ను) 179, మొదటి ప్రీమోలార్ 234, కలిపితే 413. పోయిన కోర 273. లెక్క దాటింది. కానీ కోరపన్ను దవడ మలుపులో ఉంటుంది. రెండు ఆసరా పళ్ళను కలిపి గీత గీస్తే పాంటిక్ ఆ గీతకు బయట పడుతుంది. నమిలిన ప్రతిసారీ బ్రిడ్జిని మెలితిప్పుతుంది. పైగా మోసేది లేటరల్ లాంటి బలహీనమైన పన్ను. ఇక్కడ ఇంప్లాంటే మేలు. తప్పక బ్రిడ్జి కట్టాల్సి వస్తే రెండు పక్కలా ఇంకో పన్ను కలపండి, కోరతో పాటు పక్క పన్ను కూడా పోతే మాత్రం బ్రిడ్జి జోలికి వెళ్ళకండి.

ఒక పక్కే ఆసరా: ఇది సజ్జ లాంటిది. సజ్జకు మేస్త్రీ కడ్డీలను పై వైపు వేస్తాడు, ఎందుకంటే అక్కడ పైభాగం సాగుతుంది. మన కనెక్టర్‌లోనూ అంతే. కోరపన్ను ఆసరాతో లేటరల్‌ను వేలాడదీయవచ్చు. వెనక చివర దవడ పన్నును వేలాడదీయకండి, ముందున్న పన్నును కూడా లాక్కుపోతుంది.

6. ప్రిపరేషన్

చెక్కిన పన్ను ఎదురెదురు పక్కలు పైకి వెళ్ళేకొద్దీ దగ్గరయ్యే కోణం 10 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. ప్రిపరేషన్ ఎత్తు ప్రీమోలార్‌కు కనీసం 3, దవడ పన్నుకు 4 మి.మీ. మిగలాలి. 37 పొట్టిగా ఉండటం మామూలే. అప్పుడు గాళ్ళు పెట్టండి, కానీ ఎక్కడ పెట్టాలన్నది తెలిసి పెట్టండి. విడి క్యాపును ఊడదీసే బలం ఎక్కువగా బుగ్గ, నాలుక వైపుల నుంచి వస్తుంది. బ్రిడ్జి క్యాపును ఊడదీసే బలం ముందు వెనకలుగా వస్తుంది. అందుకని బ్రిడ్జికి గాళ్ళు బుగ్గ వైపు, నాలుక వైపు గోడల మీద ఉండాలి.

బ్రిడ్జి రెండు పళ్ళ మీదికీ ఒకే దారిలో దిగుతుందో లేదో చూడటానికి ఒక కన్ను మూయండి. నోటి అద్దాన్ని పన్ను పైన పట్టుకుని సుమారు 30 సెం.మీ. దూరం నుంచి 35 చూడండి. చుట్టూ అంచు మొత్తం కనిపించాలి. వేలు ఆన్చిన చోటు కదపకుండా, అద్దం వాలు మార్చకుండా 37 మీదికి జరపండి. అదీ చుట్టూ కనిపిస్తే దారి కుదిరినట్టు. రెండు కళ్ళతో చూస్తే అండర్‌కట్ (క్యాపు దిగకుండా అడ్డుపడే లోపలి వంపు) ఉన్నా కనిపించకుండా పోతుంది.

7. పాంటిక్

కింది దవడ పన్ను నవ్వితే కనిపించదు. అలాంటి చోట చిగురును తాకకుండా, ముందు వెనకలుగా కమానులా వంగిన పాంటిక్ నాకు ఇష్టం. మధ్యలో శుభ్రానికి చోటు ఉంటుంది, రెండు చివర్లా కనెక్టర్‌కు ఎత్తు దొరుకుతుంది. దాని మందం 3 మి.మీ.కు తగ్గకూడదు. కింద చోటు చాలకపోతే, లేదా పన్ను కనిపించే చోటైతే, బుగ్గ వైపు మాత్రమే చిగురును తాకే పాంటిక్ వేయండి. చిగురును జీను వేసినట్టు రెండు వైపులా కప్పేది వద్దే వద్దు. ఎవరి బ్రషూ దాని కిందికి పోదు.

8. ల్యాబుకు కాగితం

పంటి నంబర్లు, షేడు మాత్రమే రాసి పంపిన చీటీతో ల్యాబులోని టెక్నీషియన్ ఏం చేయగలడు? కనెక్టర్ ఎత్తు, వెడల్పు, పాంటిక్ అడుగు ఆకారం బొమ్మ గీసి పంపండి. జిర్కోనియా అయితే మిల్లింగ్‌కు (మిషన్‌లో చెక్కడానికి) ముందే డిజైన్ బొమ్మ వాట్సాప్‌లో పెట్టమనండి. ప్రతి కనెక్టర్ వైశాల్యం సాఫ్ట్‌వేర్ తెర మీద అంకెలో కనిపిస్తుంది. ఆ అంకె చూడకుండా సరే అనకండి. అలాగని టెక్నీషియన్‌ను కసురుకోకండి, ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు మన ప్రిపరేషన్‌లో తప్పు మనకన్నా ముందే పట్టుకుంటారు. మీరే ఫోన్ చేసి అడగండి.

9. పెట్టేటప్పుడు, పెట్టాక

ట్రయల్‌లో పాంటిక్ కింద చిగురు తెల్లబడితే ఒత్తుతున్నట్టు, అక్కడ తగ్గించండి. కొరికినప్పుడు ఒత్తిడి పాంటిక్ మధ్యలోనే పడాలి. దవడ పక్కకు జరిపినప్పుడు పళ్ళ మధ్య పెట్టిన కాగితం రంగు అంటితే ఆ చోటు అరగదీయండి. అరగదీసిన జిర్కోనియాను గరుకుగా వదలకుండా పాలిష్ చేయండి, లేకపోతే ఎదురు పన్నును ఆకురాయిలా అరగదీస్తుంది. బ్రిడ్జి కింద సూపర్‌ఫ్లాస్ (శుభ్రం చేసే లావు దారం) దూర్చడం పేషెంటు చేతే చేయించి చూడండి. మనం చేసి చూపిస్తే తలాడిస్తారు, ఇంటికెళ్ళి మానేస్తారు.

ఆరు నెలలకోసారి రమ్మనండి. వచ్చినప్పుడు ఎలా ఉందని అడిగి పంపేయకండి. క్యాపు అంచు చుట్టూ కాస్త నీళ్ళు చల్లి, ఒక్కో క్యాపును విడిగా పట్టి, పైకి ఎత్తినట్టు లాగి మళ్ళీ నొక్కండి. అంచు దగ్గర చిన్న చిన్న బుడగలు వచ్చాయంటే లోపల సిమెంటు వదిలేసింది. రెండో క్యాపు గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల పేషెంటుకు నొప్పి తెలియదు, బ్రిడ్జి కదిలినట్టూ ఉండదు. బుడగ కనిపించిన రోజే బ్రిడ్జి తీయండి. ఆ పెద్దాయనకు నేను మొదటి ఏడాదే ఈ పరీక్ష చేసి ఉంటే 34 దక్కేది.